మూడో మందు చేర్చే ముందు

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో న్యూరాలజిస్టు గది బయట కూర్చున్నవాళ్ల చేతుల్లో కొన్ని ఫైళ్లు మిగతావాటికంటే లావుగా ఉంటాయి. వాటిని పట్టుకున్నది తరచుగా అరవై దాటిన తల్లి. పక్కన ముప్పై ఏళ్ల కొడుకో కూతురో ఉంటారు. పుట్టగానే ఏడవకపోవడం, ఏడాది నిండకముందే ఫిట్స్, ఆలస్యంగా వచ్చిన నడక, రాని మాట, బుద్ధిమాంద్యం ధ్రువపత్రం, ఇవన్నీ ఫైలు అడుగున ఉంటాయి. పైన తాజా చీటీ: వాల్‌ప్రోయేట్ రెండుపూటలా, కార్బమజెపిన్ రెండుపూటలా. అయినా నెలకు పది పన్నెండు సార్లు ఫిట్స్ వస్తూనే ఉంటాయి. ఇక మూడో మందు చేర్చడమే తరువాయి అని ఇటు డాక్టరు, అటు తల్లి అనుకుంటారు.

ఆ మందు రాయడం తప్పు కాదు. చాలామందికి అది అవసరం కూడా. అయితే కొత్త మందును ఎందుకు మొదలుపెడుతున్నారో చీటీలో కనిపిస్తుంది కానీ, ఏం జరిగితే ఆపేస్తారో కనిపించదు. ఆ షరతు లేకపోవడం వల్లే రెండు మందులు మూడవుతాయి, మూడు ఐదవుతాయి, ఫిట్స్ మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

మన దేశంలో జరిగిన సర్వేలను కలిపి చూస్తే మొత్తం జనాభాలో వెయ్యికి ఐదారుగురికి మూర్ఛ వ్యాధి ఉంటుంది. మేధో వైకల్యం ఉన్నవారిలో అది సుమారు 22 శాతమని, పలు దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన 2015 నాటి సమీక్ష లెక్కగట్టింది. వైకల్యం తీవ్రత పెరిగేకొద్దీ ఈ శాతమూ పెరుగుతుంది. ఇందులో వింతేమీ లేదు. కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం, పుట్టిన తొలి రోజుల్లో రక్తంలో చక్కెర పడిపోవడం, చిన్నప్పుడు మెదడువాపు, జన్యులోపం, వీటిలో ఏది మెదడును దెబ్బతీసినా ఆ ఒక్క దెబ్బకే బుద్ధి ఎదుగుదల కుంటుపడవచ్చు, ఫిట్స్ కూడా మొదలవవచ్చు. అందుకే వీరిలో మందులకు లొంగని మూర్ఛ కూడా ఎక్కువ.

మందుల శక్తికి ఎంత హద్దు ఉందో గ్లాస్గో నగరంలో జరిగిన పరిశీలన చెప్పింది. 2000 సంవత్సరంలో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిలో మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ పూర్తిగా ఆగాయి. దాన్ని మార్చి రెండోదో మూడోదో ఇస్తే మరో 14 శాతం మందికి ఆగాయి. రెండు మందులు కలిపి ఇవ్వడం వల్ల ఆగింది 3 శాతం మందికే. అదే నగరంలో 1,795 మందిని ఏళ్ల తరబడి గమనించి 2018లో ప్రకటించిన లెక్కలో ఫిట్స్ ఆగినవారు సుమారు 64 శాతం. మధ్యలో డజనుకు పైగా కొత్త మందులు మార్కెట్లోకి వచ్చినా ఆ అంకె దాదాపు కదల్లేదు. ఈ రెండూ సాధారణ జనాభాకు సంబంధించిన లెక్కలు. మెదడుకు పుట్టుకతోనే దెబ్బ తగిలినవారిలో ఆశలు ఇంకా తక్కువగా పెట్టుకోవాలి. మూడో మందుతో ఫిట్స్ మాయమవుతాయని ఎవరైనా మాటిస్తే నమ్మకపోవడమే మంచిది. తగ్గడం, తీవ్రత మారడం, పడిపోయి దెబ్బలు తగలడం తప్పడం, వీటిని ఆశించవచ్చు.

అంతర్జాతీయ మూర్ఛవ్యాధి సంఘం 2010లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, సరైన రకంవి ఎంచుకుని, తట్టుకోగలిగినంత డోసులో, తగినంత కాలం రెండు మందులు వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అనాలి. ‘సరైన రకం’, ‘తగినంత’ అన్న మాటల దగ్గరే చాలా ఫైళ్లు నిలవవు.

ముందుగా సరైన రకం సంగతి. చిన్నప్పుడు లెనాక్స్ గాస్టో సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ రకంతో మొదలైనవారికి పెద్దయ్యాక కూడా నిద్రలో ఒళ్లు బిగుసుకునే ఫిట్స్, ఉన్నట్టుండి కుప్పకూలడం, చూపు నిలిచిపోవడం కలగలిసి వస్తుంటాయి. కార్బమజెపిన్, ఫెనిటోయిన్ లాంటి మందులు మెదడులో ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కు బాగా పనిచేస్తాయి కానీ ఈ కుప్పకూలడాన్ని, ఒళ్లు ఒక్కసారిగా అదిరిపడే ఉలికిపాట్లను పెంచవచ్చు. జన్యులోపంతో పసితనంలోనే మొదలయ్యే డ్రావే సిండ్రోమ్‌లో, వీటిలా నరాల కణాల సోడియం ఛానెల్ మీద పనిచేసే మందులు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి. అంటే కొందరికి కావలసింది మూడో మందు కాదు, ఉన్న రెండింటిలో ఒకటి తీసేయడం. ముప్పై ఏళ్ల కిందట డ్రావేకు జన్యుపరీక్ష లేదు. అప్పుడు ‘మూర్ఛ, బుద్ధిమాంద్యం’ అని రాసి ఊరుకున్న ఫైలును ఇప్పుడు మళ్లీ తెరిచి చూసేవారు అరుదు.

రెండోది, ఇంట్లో లెక్కపెడుతున్నవన్నీ ఫిట్సేనా? చేతులు ఊపడం, ఒకేచోట చూస్తూ ఉండిపోవడం, ఆగకుండా ఊగడం మేధో వైకల్యం ఉన్నవారిలో అలవాటుగానూ ఉంటాయి. కడుపులో మంట పైకి తన్నినప్పుడు మెడ వంచి మెలికలు తిరగడాన్ని కూడా ఫిట్‌గా పొరబడుతుంటారు. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది: రాత్రిపూట కొన్ని క్షణాలే బిగుసుకుపోయే అసలు ఫిట్‌ను ‘కలవరింత’ అనుకుని ఎవరూ లెక్కలో వేయరు. ఇక్కడ ఫోనులో తీసిన రెండు నిమిషాల వీడియో చేసే మేలు పది పేజీల ఫైలు చేయలేదు. ముఖం, కళ్లు, రెండు చేతులు కనిపించేలా, పక్కన పేరు పెట్టి పిలుస్తూ తీస్తే డాక్టరుకు చాలావరకు తేలిపోతుంది. ఆ క్షణంలో చేతిలో తాళంచెవులు పెట్టడానికి నలుగురు పరుగెత్తే ఇంట్లో, ఒకరు ఆ పని మానేసి ఫోను పట్టుకుంటే మేలు. తాళంచెవులతో ఏ ఫిట్టూ ఆగదు, దాని సమయం అయ్యాక అదే ఆగుతుంది. మనిషిని పక్కకు ఒరిగేలా తిప్పడం మాత్రం తప్పకుండా చేయాలి.

మూడోది, మందు నిజంగా లోపలికి వెళ్తోందా? మాత్ర మింగనివాళ్లకు నలిపి పెరుగన్నంలో కలిపి పెట్టడం మన ఇళ్లలో మామూలు. పేరు చివర సీఆర్ అనో క్రోనో అనో ఉండే మాత్రలు నెమ్మదిగా విడుదలయ్యేలా తయారుచేసినవి. వాటిని పొడి చేస్తే మొత్తం మందు ఒక్కసారిగా రక్తంలోకి చేరుతుంది. పొద్దున పదింటికి మత్తు, సాయంత్రానికి మందు అడుగంటి ఫిట్! ఈ ఆటుపోట్లను చూసి మందు చాలడం లేదని డోసు పెంచుతారు. సిరప్ రూపంలోకో, నీళ్లలో కరిగే మాత్రలోకో మారిస్తే సరిపోయే సమస్య ఇది. మెడికల్ షాపులో స్టాకు లేదని ప్రతిసారీ వేరే కంపెనీ మందు ఇవ్వడం, పళ్ల నొప్పో మలబద్ధకమో ఉన్నా చెప్పలేకపోవడం, నొప్పికని ట్రమడాల్ వాడటం, జలుబుకు కర్పూరం, నీలగిరి తైలం దట్టంగా పట్టించడం, ఇవన్నీ ఫిట్స్‌ను పెంచగలవు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఐదు రోజులు వాడితే కార్బమజెపిన్ రక్తంలో పేరుకుని మనిషి తూలిపోతాడు. ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా ఫిట్స్ వస్తుంటే అప్పుడు మూడో మందు మాట.

ఏ మందన్నది తేల్చడానికి పరిశోధనలు ఇచ్చే సాయం ఊహించినదానికంటే తక్కువ. కొత్త మూర్ఛ మందుల ట్రయల్స్‌లో మేధో వైకల్యం ఉన్నవారిని సాధారణంగా చేర్చుకోరు. అనుమతి పత్రం మీద సంతకం, డైరీ రాయడం, ప్రశ్నలకు జవాబులు, అన్నీ చిక్కే కాబట్టి. ఎవరికి ఆ మందు ఎక్కువ అవసరమో వారినే బయటపెట్టి పరీక్షించిన మందు తిరిగి వారికే రాస్తారు. 2015లో వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ ఈ విషయం మీద వెలువరించిన సమీక్షకు ప్రపంచమంతా వెతికితే దొరికింది 14 ట్రయల్స్. చేర్చిన మందు చాలావరకు ఫిట్స్‌ను తగ్గించిందని, ఆధారాల నాణ్యత మాత్రం అంతంతమాత్రమేనని అది తేల్చింది. ఒక మందును ఇంకో మందుతో ముఖాముఖి పోల్చిన ట్రయల్స్ దాదాపు లేవు. అందువల్ల ఫలానా మందే మేలని చెప్పేవారు అనుభవం నుంచి చెబుతున్నారే తప్ప రుజువు నుంచి కాదు.

ట్రయల్స్‌లో ఒక మందు ‘పనిచేసింది’ అంటే అర్థం ఫిట్స్ సగానికి సగం తగ్గినవారు ఎందరు అన్నదే. డమ్మీ మాత్ర వేసుకున్నవారిలోనూ కొందరికి సగానికి తగ్గుతాయి. ఇందులో మాయ లేదు. ఫిట్స్ ఎప్పుడూ ఒకే తీరుగా రావు. కొన్ని వారాలు గుంపులు గుంపులుగా వచ్చి, తర్వాత కొన్ని వారాలు నెమ్మదిస్తాయి. కుటుంబం ఆస్పత్రికి పరుగెత్తేది గడ్డు వారంలోనే. ఆ రోజు ఏ మందు రాసినా, అసలు ఏమీ రాయకపోయినా, వచ్చే నెల ఈ నెల కంటే మెరుగ్గా ఉండే అవకాశమే ఎక్కువ. ఆ మెరుగు కొత్త మందు ఖాతాలో పడుతుంది. ఇక దాన్ని తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. మందు మొదలుపెట్టక ముందు కనీసం రెండు నెలల లెక్క చేతిలో ఉంటేనే ఈ భ్రమ నుంచి బయటపడగలం.

ఆ లెక్క రాయడానికి యాప్‌లు అక్కర్లేదు, తిథి వార నక్షత్రాలుండే గోడ క్యాలెండరు చాలు. గడిలో ‘పె’ అంటే పెద్ద ఫిట్, ‘ప’ అంటే కుప్పకూలడం, చుక్క అంటే ఉలికిపాటు. కింద మూలన నిద్ర గంటలు, అన్నం తిన్నదీ లేనిదీ. ఈ మూడు రకాల ఫిట్స్‌నూ ఒకే గాటన కట్టకూడదు. ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్ ఏడాదికి మూడుసార్లు దాటితే, నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ముప్పు బాగా పెరుగుతుంది. మూర్ఛ ఉన్న పెద్దవారిలో ఏటా వెయ్యికి ఒకరు చొప్పున ఇలా చనిపోతారని అంచనా. కుప్పకూలే ఫిట్‌తో తల పగులుతుంది, పళ్లు రాలతాయి. ఉలికిపాట్లు ముప్పై నుంచి పదికి తగ్గి పెద్ద ఫిట్స్ నాలుగు నాలుగుగానే ఉంటే, మొత్తం అంకె గొప్పగా తగ్గినట్టు కనిపిస్తుంది కానీ ముప్పు అక్కడే ఉంది.

ఇక మందులు. లామోట్రిజిన్ ఈ వర్గానికి చాలామంది మొదట తలచేది. మత్తు తక్కువ, కొందరిలో మనిషి కాస్త హుషారవుతాడు. వాల్‌ప్రోయేట్‌తో దీని జోడీ మంచిదని పేరు కూడా ఉంది. అయితే వాల్‌ప్రోయేట్ లివర్‌లో లామోట్రిజిన్ విరగకుండా అడ్డుపడి రక్తంలో దాన్ని రెట్టింపు చేస్తుంది. అందుకే పక్కన వాల్‌ప్రోయేట్ ఉంటే మొదటి రెండు వారాలు 25 మిల్లీగ్రాములు రోజు విడిచి రోజు, తర్వాత రెండు వారాలు రోజూ 25, ఆ తర్వాత మెట్టుమెట్టుగా పెంచుతూ 100 నుంచి 200 మధ్యకు చేరాలి. దీనికి రెండు నెలలు పడుతుంది. తొందరపడితే ఒంటి మీద దద్దురు లేస్తుంది, అది ముదిరితే నోరు, కళ్లు, చర్మం పొరలు పొరలుగా ఊడే స్టీవెన్స్ జాన్సన్ వ్యాధిగా మారి ప్రాణం మీదికి వస్తుంది. మాటరాని మనిషికి వీపు మీద దద్దురు లేస్తే చెప్పేదెవరు? ఈ ఎనిమిది వారాలూ స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా చూడాలని చీటీ మీద రాయాలి. లెక్క ఇక్కడితో ఆగదు. తర్వాతెప్పుడో వాల్‌ప్రోయేట్ ఆపితే లామోట్రిజిన్ మట్టం సగానికి పడిపోతుంది. కార్బమజెపిన్ ఆపితే పెరుగుతుంది. మధ్యలో కొన్నాళ్లు మాత్ర మానేసినవారు పాత డోసుకు నేరుగా వెళ్లకూడదు. డాక్టరును అడిగి మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.

లెవెటిరాసిటం దీనికి పూర్తిగా భిన్నం. వేరే మందులతో పెద్దగా గొడవ పడదు, వేగంగా డోసు పెంచవచ్చు, ధరా అందుబాటులోనే ఉంది. అందువల్లే ఎక్కడ చూసినా ఇదే రాస్తున్నారు. దీని దుష్ప్రభావం మనిషి స్వభావంలో బయటపడుతుంది. చిరాకు, కోపం, గిల్లడం, కొట్టడం, రాత్రంతా అరవడం. మామూలు మనిషైతే ‘ఈ మాత్ర మొదలైనప్పటి నుంచి ఊరికే కోపం వస్తోంది’ అంటాడు. మాట లేనివారిలో దాన్ని ‘వాడికి మొదటి నుంచీ మొండితనమే’ అని కొట్టిపారేస్తారు. తర్వాత మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళితే అక్కడ ఇంకో మందు చేరుతుంది. అలాంటి కొన్ని మందులు ఫిట్స్ వచ్చే ముప్పును తామే పెంచుతాయి. ఒక మందు దుష్ప్రభావాన్ని రోగంగా భావించి దానికి ఇంకో మందు ఇవ్వడం ఈ ఫైళ్లలో పదేపదే కనిపించే పొరపాటు. లెవెటిరాసిటం కోవకే చెందిన బ్రివరాసిటంలో కోపతాపాలు కొంత తక్కువని అంటారు. 2021లో పేటెంటు ముగియడంతో మన కంపెనీలు దాన్ని తయారుచేసి ధర బాగా తగ్గించాయి కాబట్టి, లెవెటిరాసిటం పనిచేసీ కోపం తెచ్చిన చోట మార్చి చూడటం ఇప్పుడు సాధ్యమే. పెరంపానెల్ అనే మరో మందు విషయంలో మాత్రం కోపం, హింసాత్మక ప్రవర్తన గురించిన హెచ్చరిక మందు పత్రంలోనే ముద్రించి ఉంటుంది.

క్లోబజామ్ కుప్పకూలే ఫిట్స్‌కు బాగా పనిచేస్తుంది. చవకైనది కూడా. మత్తు, చొంగ కారడం, తూలడం దీని వెలలు. కొందరిలో కొన్ని నెలలకే పట్టు సడలుతుంది. దీన్నిగానీ ఫినోబార్బిటాన్‌ను గానీ ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ఐసీయూలో చేరాల్సి వస్తుంది.

టోపిరమేట్ గురించి ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మందుగా గట్టిదే. కానీ ఆలోచన మందగిస్తుంది, ఉన్న నాలుగు మాటలూ తడబడతాయి, ఆకలి తగ్గుతుంది, మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడవచ్చు. అన్నిటికీ మించి కొందరిలో చెమట పట్టడం తగ్గిపోతుంది. జోనిసమైడ్‌దీ ఇదే గుణం. మే నెలలో 45 డిగ్రీలు దాటే విజయవాడలో, రేకుల కప్పు కింద, దాహమని అడగలేని మనిషికి చెమట పట్టకపోవడం చిన్న విషయం కాదు. ఒళ్లు కాలుతుంటే జ్వరమనుకుని పారాసెటమాల్ వేస్తారు. ఆ వేడికి ఫిట్స్ ఇంకా పెరుగుతాయి. వేసవి ముంగిట ఈ మందు మొదలుపెట్టడాన్ని వీలైతే వాయిదా వేయడం, వీలుకాకపోతే గంటగంటకూ నీళ్లు, తడిగుడ్డ, మధ్యాహ్నం గడప దాటనివ్వకపోవడం అవసరం.

విగబాట్రిన్ చూపు అంచులను శాశ్వతంగా మింగేయగలదు. అది కనిపెట్టే పరీక్షలో రోగి ‘వెలుగు కనిపించింది’ అని చెప్పాలి. చెప్పలేనివారికి ఈ మందు ఎంత జాగ్రత్తగా వాడాలో వేరే వివరించనక్కర్లేదు. అమెరికా 2018లో లెనాక్స్ గాస్టో, డ్రావేలకు అనుమతించిన కన్నబిడియోల్ గంజాయి మొక్క నుంచి తీసి శుద్ధి చేసిన మందు. గంజాయి నూనె పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే సీసాలకు దానితో పోలిక లేదు. అసలు మందు కూడా క్లోబజామ్ మత్తును పెంచుతుంది, వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే లివర్ ఎంజైములను పెంచుతుంది.

ఇప్పుడు తీసేసే సంగతి. కొత్త మందు పూర్తి డోసుకు చేరాక మూడు నెలలు చూసి క్యాలెండరు ముందేసుకుని కూర్చోవాలి. పెద్ద ఫిట్స్, కుప్పకూలడం సగమైనా తగ్గాయా? మనిషి మెలకువగా ఉంటున్నాడా, తన గిన్నె తాను పట్టుకోగలుగుతున్నాడా, పిలిస్తే తిరుగుతున్నాడా? తగ్గకపోతే కొత్తదాన్ని మెల్లగా ఆపాలి. తగ్గితే పాతవాటిలో నిరుపయోగమైనదాన్ని వారాల తరబడి దించుతూ తీసేయాలి. పాతదాన్ని తీసేసే ఈ రెండో పనిని దాదాపు అందరూ వదిలేస్తారు. ‘ఇప్పుడు బాగుందిగా, కదిలించడమెందుకు’ అన్న భయం సహజమే. కానీ మందుల మొత్తం బరువు పెరిగేకొద్దీ మత్తు, తూలుడు, ఎముకల బలహీనత పెరుగుతాయి. ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాన్ ఇరవై ఏళ్లు వాడినవారిలో విటమిన్ డి తరిగి, చిన్న పడటానికే తుంటి విరగడం తెలిసిన విషయమే. ఫిట్స్ పన్నెండు నుంచి తొమ్మిదికి తగ్గి, మనిషి రోజుకు పద్నాలుగు గంటలు పడుకుంటుంటే ఆ మందు ఓడిపోయినట్టే లెక్క. ఈ తీర్పు ఇవ్వవలసింది రోజంతా చూసుకునేవారు, డాక్టరు కలిసి. ఇంట్లో సొంతంగా ఆపడం మాత్రం ఎన్నడూ కూడదు.

డోసులు కుదిరేలోపు వచ్చే దీర్ఘమైన ఫిట్‌కు ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇంట్లో ఉండాలి. ఐదు నిమిషాలు దాటితే వాడాలి, ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. దాన్ని ఎలా కొట్టాలో ఇంట్లో ఇద్దరికైనా చూపించకుండా చీటీలో రాసివ్వడం వల్ల ప్రయోజనం లేదు. కృష్ణా ఘాట్లలో స్నానం, బకెట్ పక్కన ఒంటరిగా వదలడం ఈ దశలో వద్దు.

ఖర్చు విషయంలో, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ పథకం కింద మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. వయసు పరిమితి లేదు, మందుల ఖర్చులో కొంత ఇందులోకి వస్తుంది. పద్దెనిమిది నిండినవారి తరఫున చట్టపరమైన సంరక్షకుణ్ని 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ నియమిస్తుంది. ఆ కాగితం తల్లిదండ్రులకు ఓపిక ఉన్నప్పుడే తీసుకోవడం మంచిది. ఆపరేషన్ సంతకం దగ్గర దాని అవసరం తెలుస్తుంది.

ఆపరేషన్ మాట ఊరికే రాలేదు. రెండు మందులు విఫలమైన రోజే శస్త్రచికిత్సకు వీలుందేమో చూడాలన్నది అందరికీ వర్తించే నియమం. మేధో వైకల్యం ఉందని వీరిని ఆ వరుసలోంచి తప్పించడానికి శాస్త్రపరంగా కారణం లేదు. ఆచరణలో తప్పించేది స్కానింగ్ గది. కదలకుండా అరగంట పడుకోలేరు కాబట్టి మత్తు ఇవ్వాలి, మత్తు డాక్టరు కావాలి, ఆ ఏర్పాటు ఎందుకులే అని చిన్నప్పుడు తీసిన సీటీతోనే పాతికేళ్లు నెట్టుకొస్తారు. గుంటూరు పెద్దాస్పత్రికి, మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్లేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: మత్తు ఇచ్చి, మూర్ఛ కోసం ప్రత్యేకంగా తీసే ఎంఆర్ఐ ఎప్పుడు చేయగలరు? అందులో ఒకచోట మచ్చ దొరికి, ఫిట్స్ అక్కడి నుంచే వస్తున్నాయని ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల పరీక్ష) చెబితే, ఆ కుటుంబం తర్వాత వెళ్లవలసింది హైదరాబాద్ నిమ్స్‌లోనో తిరువనంతపురం శ్రీ చిత్రలోనో ఉన్న మూర్ఛ శస్త్రచికిత్స విభాగానికి.